తిరగలి ముందు కూర్చున్నదెవరు?

తెలుగింట్లో గ్రైండింగ్ అంటే ఇడ్లీపిండి గుర్తొస్తుంది. ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ ఆటలు ఆడేవాళ్ళని అడిగితే వేరే అర్థం చెబుతారు. ఒకే పనిని వందలసార్లు, వేలసార్లు చేస్తూ పోవడం. ఒకే రకం అడవిపందిని చంపడం, ఒకే రకం చెట్టును కొట్టడం, ఒకే చోట చేపలు పట్టడం. ఒక్కో పనికీ కొన్ని పాయింట్లు. పాయింట్లు కూడితే ఒక లెవెల్. లెవెల్ పెరిగితే మరికాస్త పెద్ద పందిని చంపే అర్హత. విసుగు పుట్టించే చాకిరీకి ఇంగ్లీషువాళ్ళు వాడుకునే తిరగలి మాటనే ఆటగాళ్ళు అరువు తెచ్చుకున్నారు. మనకీ విసురుకీ విసుగుకీ ఒక్క అక్షరమే తేడా.

ఈ గానుగెద్దు పని వల్లే ఆ ఆటలు ఆడదగినవి అవుతున్నాయా, లేక ఆ పని ఉన్నా కూడా జనం ఆడుతున్నారా? ఆటగాళ్ళ మధ్య ఇది ఎప్పటికీ తెగని తగువు. కుర్రాళ్ళ కాలక్షేపం గొడవ మనకెందుకు అనిపించవచ్చు. కానీ పదే పదే చేసే పనికి విలువ ఎక్కడినుంచి వస్తుంది, దాన్ని ఎవరు నిర్ణయిస్తారు అన్నది స్త్రీవాదం మొదటినుంచీ అడుగుతున్న ప్రశ్న. ఇంటిచాకిరీ గురించి మనం ఇన్నేళ్ళుగా మాట్లాడుకున్నదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. అదే ప్రశ్న ఇప్పుడు ఎవరూ ఊహించని చోట, డబ్బులిచ్చి మరీ చాకిరీ చేసే మనుషుల మధ్య, మళ్ళీ లేచింది. కాబట్టి ఈ తగువులో మనం చెప్పాల్సిందీ ఉంది, నేర్చుకోవాల్సిందీ ఉంది.

నా మాట ఎక్కడినుంచి వస్తోందో ముందు చెప్పాలి. పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసం సమర్పించి వైవా కోసం ఎదురుచూసే నెలల్లో హాస్టల్ నాటి స్నేహితురాలు ఒకామె నాకు రూన్‌స్కేప్ అనే ఆట అలవాటు చేసింది. ఇంగ్లండ్‌లో గోవర్ సోదరులు 2001లో మొదలుపెట్టిన ఆట అది. పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. అందులో నేను ఎక్కువగా చేసింది యుద్ధం కాదు, చెట్లు కొట్టడం. డ్రేనార్ అనే ఊళ్ళో బ్యాంకు పక్కనే నీటి ఒడ్డున విల్లో చెట్లు ఉంటాయి. చెట్టు మీద మౌస్ నొక్కితే నా బొమ్మ గొడ్డలి ఊపుతుంది. కాసేపటికి దుంగ వస్తుంది. చెట్టు మోడయి, కొద్ది సెకన్లలో మళ్ళీ చిగురిస్తుంది. మళ్ళీ నొక్కాలి.

లెక్కలు చూస్తే ఈ పని స్వభావం తెలుస్తుంది. రెండో లెవెల్‌కు 83 పాయింట్లు చాలు. చిట్టచివరిదైన 99వ లెవెల్‌కు 1,30,34,431 పాయింట్లు కావాలి. ఒక విల్లో దుంగకు వచ్చేది 67.5. మొత్తం విల్లో చెట్లే కొడితే దాదాపు 1,93,000 దుంగలు. సంచిలో పట్టేవి 28. అంటే దాదాపు 6,900 సార్లు బ్యాంకుకు వెళ్ళి రావాలి. ఇంకో సంగతి, 92వ లెవెల్ చేరేసరికి జరిగేది సరిగ్గా సగం పనే. మిగిలిన ఏడు లెవెళ్ళకు అంత పనీ మళ్ళీ చెయ్యాలి. చివరికి దక్కేది ఒక అంగీవస్త్రం. దాన్ని కూడా ఆటలోని నాణేలు 99,000 పెట్టి కొనుక్కోవాలి. నేను 70 దాకా వెళ్ళాను. అదీ పదివేల పైచిలుకు దుంగల మాట.

ఈ చాకిరీని సమర్థించేవాళ్ళు చెప్పే మాట మనకు బాగా తెలిసినదే. కష్టపడితేనే ఫలానికి రుచి. తేలిగ్గా వచ్చిన అంగీ ఎవరిక్కావాలి? దాన్ని తొడుక్కున్నవాళ్ళని చూస్తే వాళ్ళు ఎన్ని రాత్రులు చెట్ల కింద గడిపారో తెలుస్తుంది, ఆ గౌరవమే దాని విలువ అంటారు. దీనికి తాత్విక మద్దతు కూడా దొరుకుతుంది. బెర్నార్డ్ సూట్స్ అనే తత్వవేత్త 1978లో ప్రచురించిన 'ద గ్రాస్‌హాపర్' పుస్తకంలో ఆటను నిర్వచిస్తూ, అనవసరమైన అడ్డంకులను ఇష్టపూర్వకంగా దాటే ప్రయత్నమే ఆట అన్నాడు. గోల్ఫ్ బంతిని చేత్తో పట్టుకెళ్ళి గుంటలో వేస్తే పని అయిపోతుంది, ఆట మాత్రం ఉండదు. అలాగే అంగీని నేరుగా ఇచ్చేస్తే ఆట ఉండదు కదా అన్నది వీళ్ళ వాదన.

వినడానికి బాగుంది. కానీ అడ్డంకి ఎలాంటిదో కూడా చూడాలి. గోల్ఫ్ బంతికి నేర్పు కావాలి, చదరంగానికి ఆలోచన కావాలి. విల్లో చెట్టుకు ఏదీ అక్కర్లేదు, అక్కడ ఉంటే చాలు. ఇక్కడ అడ్డంకి కాలం ఒక్కటే. 2002లో ఎరిక్ ఫ్రెడ్రిక్సెన్ 'ప్రోగ్రెస్ క్వెస్ట్' అనే చిన్న ప్రోగ్రాం రాసి దీన్నే వెక్కిరించాడు. పాత్రకు ఒక పేరు పెట్టి వదిలేస్తే అదే రాక్షసుల్ని చంపుతుంది, అదే లెవెళ్ళు పెంచుకుంటుంది. మనం చెయ్యాల్సింది గీత నిండుతుంటే చూడటమే. ఆటలోంచి ఆటగాణ్ణి తీసేసినా చాకిరీ చెక్కుచెదరకుండా నడుస్తుందని ఆ హాస్యం చెప్పింది. ఆ తర్వాత కొరియా కంపెనీల మొబైల్ ఆటల్లో పాత్ర తనంతట తానే పోరాడే మీట నిజంగానే వచ్చింది. వెక్కిరింత వ్యాపారమైంది.

కంపెనీల ప్రవర్తన గమనిస్తే కష్టానికి విలువ అన్న వాదన ఇంకా తికమకపడుతుంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004లో వచ్చింది. పదేళ్ళ తర్వాత 2014లో అదే కంపెనీ 60 డాలర్లిస్తే పాత్రను ఒక్కసారిగా 90వ లెవెల్‌కు ఎత్తి కూర్చోబెడతానంది. అంటే చాకిరీ తప్పించుకోవడానికి ధర కట్టింది. 2019లో అదే కంపెనీ తొలినాళ్ళ నెమ్మది ఆటను 'క్లాసిక్' పేరుతో తిరిగి తెస్తే జనం వరసల్లో నిలబడి చేరారు. రూన్‌స్కేప్‌లో 2013లో పాత ఆట కావాలా అని ఓటింగు పెడితే నాలుగు లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి, 2007 నాటి రూపం తిరిగి వచ్చింది. చాకిరీకి విలువ లేకపోతే ఇన్ని ఓట్లెందుకు? చాకిరీయే విలువైతే దాన్ని తప్పించుకోవడానికి 60 డాలర్లెందుకు? రెండూ నిజమైనప్పుడు విలువ చాకిరీలో కాక, దాని పక్కనే ఇంకెక్కడో ఉండి ఉండాలి.

ఆ ఇంకెక్కడో అన్నదాన్ని నాకు చూపించింది మా అమ్మ. నేను ఆడుతుంటే ఒకరోజు పక్కన కూర్చుని చూసింది.

"ఏమే, ఆ చెట్టు మళ్ళీ మొలుస్తోందిగా, మరెందుకు కొట్టడం?"

"దుంగలకి."

"దుంగలేం చేస్తావు?"

"బ్యాంకులో దాస్తా."

"కట్టెలు బ్యాంకులోనా!" అని నవ్వి లేచింది. కానీ ఆ తర్వాత రోజూ అటుగా వెళ్తూ "ఎంతయింది?" అని అడిగేది. నేను అంకె చెప్పేదాన్ని. ఒకరోజు అంకె విని కాసేపు ఆగి, "ఇన్నేళ్ళూ నేనేసిన దోసెలు ఎవరన్నా లెక్కేసుంటే నాకెంత లెవెలొచ్చేదో" అంది. నవ్వుతూనే అంది. నేను మాత్రం ఆ రోజు ఇంక చెట్టు కొట్టలేదు.

సిమోన్ ది బోవా 1949లో 'ద సెకండ్ సెక్స్'లో ఇంటిపనిని సిసిఫస్ శిక్షతో పోల్చింది. శుభ్రం చేసింది మాసిపోతుంది, మాసింది మళ్ళీ శుభ్రం చెయ్యాలి, ముందుకు జరిగిందేమీ ఉండదు. హన్నా ఆరెంట్ 1958లో 'ద హ్యూమన్ కండిషన్'లో శ్రమను సృష్టినుంచి వేరుచేసింది. వంటలాంటి శ్రమ ఫలితం వెంటనే ఖర్చయిపోతుంది. బల్లలాంటి సృష్టి చేసినవాళ్ళ తర్వాత కూడా నిలబడుతుంది. ఈ రెండు మాటల వెలుగులో విల్లో చెట్టును చూస్తే ఒక వింత కనబడుతుంది. పని రూపం అచ్చంగా ఇంటిచాకిరీదే, అదే చక్రం, అదే విసుగు. ఫలితం మాత్రం బల్లలా నిలుస్తుంది. కొట్టిన దుంగ బ్యాంకులో ఉంటుంది. వచ్చిన లెవెల్ పోదు. ఏడాది తర్వాత తిరిగి వెళ్ళినా నా 70 నాకోసం ఉంటుంది. ప్రతి గొడ్డలి వేటూ ఎక్కడో రాసి ఉంటుంది.

పి. సత్యవతి 'ఇల్లలకగానే...' కథను గుర్తు తెచ్చుకోండి. ఇల్లు అలికి, అలికి, ఆ గృహిణి తన పేరే మర్చిపోతుంది. ఆమె చేసిన పనికి లెక్క లేకపోవడమూ, ఆమెకు పేరు లేకుండా పోవడమూ ఒకే సంఘటనకు రెండు ముఖాలు. వార్‌క్రాఫ్ట్‌లాంటి ఆటల్లో పాత్ర నెత్తి మీదే పేరు తేలుతూ ఉంటుంది. నొక్కి చూస్తే ఎంత పని చేసిందో అంకె కనబడుతుంది. చాకిరీ చేసిన కొద్దీ పేరు చెరిగిపోయే లోకంలోంచి, చాకిరీ చేసిన కొద్దీ పేరు వెలిగే లోకంలోకి వెళ్తారు ఆడేవాళ్ళు. టి.ఎల్. టేలర్ ఎవర్‌క్వెస్ట్ ఆట మీద 2006లో వెలువరించిన 'ప్లే బిట్వీన్ వరల్డ్స్'లో, స్త్రీలు ఈ ఆటల్లోకి కబుర్ల కోసమే వస్తారన్న అపోహను తోసిపుచ్చి, వాళ్ళు శక్తి పెంచుకోవడంలో, నైపుణ్యం చూపడంలో ఆనందం పొందుతారని రాసింది. నాకది ఆశ్చర్యం కలిగించలేదు. తన పని పోగవుతుంటే చూసుకోవడం అనే సుఖం ఎంతమంది ఆడవాళ్ళకు దక్కింది?

అలాగని ఈ లెక్కను చూసి మురిసిపోలేం. లెక్క ఉంచడానికి కంపెనీకి అయ్యే ఖర్చు దాదాపు శూన్యం. వార్‌క్రాఫ్ట్‌లాంటి నెలచందా ఆటల్లో మనం ఎంత నెమ్మదిగా పైకెక్కితే అన్ని చందాలు. మాటలతో కూడా మనల్ని ఎలా నడిపిస్తారో వార్‌క్రాఫ్ట్ తయారీనాటి ఒక ముచ్చట చెబుతుంది. ఎక్కువసేపు ఆడినవాళ్ళకు పాయింట్లు సగానికి తగ్గేలా మొదట నియమం పెట్టారట. ప్రయోగదశలో ఆడినవాళ్ళు మండిపడ్డారు. అప్పుడు ఆ తగ్గిన అంకెకు 'మామూలు' అని పేరు పెట్టి, మొదటి అంకెను 'విశ్రాంతి తీసుకున్నందుకు రెట్టింపు బహుమతి' అన్నారు. జరిగింది అదే, పేరు మారింది, జనం సంతోషించారు. 'గృహలక్ష్మి' అన్న బిరుదు ఎలా పనిచేస్తుందో తెలిసిన మనకు ఈ కిటుకు కొత్తది కాదు.

ఇక రెండో సమర్థన. ఈ విసుగు పని మనుషుల్ని కలుపుతుంది అంటారు. ఇందులో నిజముంది. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్‌లో ఒక బృందం ఒకే చోట గంటల తరబడి కూర్చుని, చచ్చిన రాక్షసులు మళ్ళీ పుట్టేదాకా ఎదురుచూసేది. మంత్రం వేసేవాళ్ళు శక్తి తిరిగి నిండేదాకా ధ్యానం చెయ్యాలి. తొలిరోజుల్లో ఆ ధ్యాన సమయమంతా తెర మీద మంత్రాల పుస్తకం తప్ప ఏమీ కనబడేది కాదు. ఆ ఖాళీలో ఏం చేస్తారు? మాట్లాడుకుంటారు. ఆ కబుర్లలోనే స్నేహాలు, పెళ్ళిళ్ళు కూడా జరిగాయి. డ్రేనార్ విల్లోల కింద నేనూ ఇది చూశాను. నలుగురైదుగురు గొడ్డళ్ళు ఊపుతూ పరీక్షల గురించో, పోయిన కుక్కపిల్ల గురించో టైపు చేసేవాళ్ళు. చేతికి పని, మనసుకు తీరుబడి ఉన్నప్పుడే వచ్చే మాటలవి.

దీనికి దగ్గరి చుట్టం మన తిరగలి పాట. నా పరిశోధన పనిపాటల మీద కాబట్టి ఈ పోలిక నన్ను వదల్లేదు. మహారాష్ట్రలో హేమా రాయిర్కర్, గీ ప్వాత్వాఁ కలిసి తిరగలి దగ్గర ఆడవాళ్ళు పాడే ఓవీలను లక్షకు పైగా సేకరించారు. ఇప్పుడవి పారీ అనే పాత్రికేయ వేదికలో భద్రంగా ఉన్నాయి. మన దగ్గరా తిరగలి పాటలు, దంపుళ్ళ పాటలు, ఆడవాళ్ళ రామాయణ పాటలు ఉన్నాయి. అత్తమామల మీద కోపం, పుట్టింటి మీద బెంగ, సీత తరఫున రాముడికి వేసిన ప్రశ్నలు, ఇంట్లో మరెక్కడా గొంతెత్తలేనివన్నీ రాయి చప్పుడు చాటున బయటికొచ్చాయి. తిరగలి లేకపోతే ఆ సాహిత్యమంతా ఆ రూపంలో ఉండేది కాదు.

అయితే పాట గొప్పది కాబట్టి తిరగలి మంచిది అనగలమా? కృష్ణా జిల్లాలో పాటల కోసం తిరుగుతున్నప్పుడు ఒక పెద్దావిడ ముందు పాటకు ఊపు వస్తుందని వాళ్ళ మనవరాలు అటకమీది తిరగలి దింపబోయింది. ఆవిడ అడ్డుపడి, "పాటంటే పాడతా గానీ రాయి మాత్రం తేకే" అంది. ఊళ్ళోకి పిండిమర వచ్చాక పాటలు తగ్గాయని జానపద పరిశోధకులం బాధపడతాం. ఆ బాధ మనది. ఆవిడ భుజం నొప్పి మనకు లేదు. పాట రాయి ఇచ్చిన వరం కాదు. రాయి ఉన్నా కూడా ఆడవాళ్ళు సృష్టించుకున్నది. విల్లోల కింద కబుర్లు కూడా అంతే. వాటికి కీర్తి మాట్లాడుకున్న మనుషులకు చెందాలి, చెట్టు కొట్టమన్న కంపెనీకి కాదు.

కష్టానికి విలువ అన్న వాదనలో అన్నిటికన్నా ప్రమాదకరమైన భాగం ఇంకా ఉంది. అది న్యాయం పేరు చెబుతుంది. ఇక్కడ కులం లేదు, డబ్బు లేదు, అందం లేదు, గంటలు పెట్టినవాళ్ళు పైకొస్తారు, ఇంతకన్నా సమానత్వం ఎక్కడుంది అంటుంది. ఈ ఆటల మీద చాలా ఏళ్ళు పరిశోధన చేసిన నిక్ యీ 2006లో ఆటగాళ్ళు వారానికి సగటున 20 గంటలకు పైగా ఆడుతున్నారని రాశాడు. ఆ గంటలు ఎవరి దగ్గర ఉన్నాయి? మన దేశంలో 2024 కాలవినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు రోజుకు 289 నిమిషాలు దానికి ఖర్చుపెడుతుంటే, పాల్గొనే పురుషులు 88 నిమిషాలు పెడుతున్నారు. పాల్గొనని పురుషులు ఈ సగటులోకి రానే రారు. తేడా రోజుకు మూడు గంటల 21 నిమిషాలు. వారానికి 23 గంటలు దాటుతుంది. నిక్ యీ చెప్పిన సగటు ఆటగాడి వారమంతా ఈ తేడాలోనే ఇమిడిపోతుంది.

వార్‌క్రాఫ్ట్‌లో 2005లో పెట్టిన పాత గౌరవ పద్ధతి దీనికి పరాకాష్ట. తోటి ఆటగాళ్ళతో పోరాడి ర్యాంకులు సంపాదించాలి. ఒక వారం మానేస్తే ర్యాంకు కిందికి జారేది. చిట్టచివరి ర్యాంకుకు వెళ్ళాలంటే వారాల తరబడి దాదాపు మెలకువగా ఉన్నంతసేపూ ఆడాలి. ఒకే పాత్రను ఇద్దరు ముగ్గురు వంతులేసుకుని ఆడించిన కథలు ఆ ఆటగాళ్ళే చెప్పుకుంటారు. ఇలాంటి చోట 'అర్హత' అంటే ఏమిటి? వేళకు అన్నం ఎవరో వండిపెట్టడం, ఏడ్చే పిల్లను ఎవరో ఎత్తుకోవడం. గంటలను కొలిచి విలువ కట్టే ఏ వ్యవస్థ అయినా ఆ గంటలను సమకూర్చిన మనిషిని లెక్కలోంచి తీసేస్తుంది. పరిశోధనారంగంలో ఉన్న మనకు ఇది పరాయి సంగతి కాదు. రాత్రి పదింటిదాకా లైబ్రరీలో ఉండగలిగినవాళ్ళనే కదా మన దగ్గరా నిబద్ధత గలవాళ్ళు అంటారు.

ఆటలోపల కూడా సేవ ఎవరి వంతో చూడండి. నిక్ యీ తదితరులు 2011లో వార్‌క్రాఫ్ట్ ఆటగాళ్ళ మీద ప్రచురించిన పరిశోధన ప్రకారం, మగవాళ్ళు ఆడబొమ్మతో ఆడుతున్నప్పుడు గాయాలు మాన్పే పని ఎక్కువ చేస్తారు. ఆడవాళ్ళు పుట్టుకతో సేవకురాళ్ళు అన్న మాటను ఇంతకన్నా సరదాగా కొట్టిపారేసే సాక్ష్యం దొరకదు. చీర కట్టుకోగానే మనిషి చేతికి కట్టు గుడ్డ వస్తోంది.

చివరగా ఇదే చాకిరీని బతుకుతెరువుగా చేసేవాళ్ళ సంగతి. ఎడ్వర్డ్ కాస్ట్రొనోవా అనే ఆర్థికవేత్త 2001లో ఎవర్‌క్వెస్ట్ లోకంలో వస్తువులు నిజం డాలర్లకు అమ్ముడవుతున్న తీరు చూసి, అక్కడ గంట చాకిరీ విలువ 3.42 డాలర్లని లెక్కగట్టాడు. అంకె ఉన్నచోటికి కూలి వెతుక్కుంటూ వచ్చింది. 2007లో జూలియన్ డిబెల్ చైనాలోని నాన్‌జింగ్ వెళ్ళి, రోజుకు పన్నెండు గంటలు, వారానికి ఏడు రోజులు వార్‌క్రాఫ్ట్‌లో నాణేలు పోగుచేసే యువకుల గురించి న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో రాశాడు. వాళ్ళ కూలి గంటకు దాదాపు 30 సెంట్లు. ఆ నాణేలు కొనుక్కునేది చాకిరీకి తీరికలేని అమెరికన్ ఆటగాళ్ళు. 2011లో గార్డియన్ పత్రికతో ఒక మాజీ ఖైదీ, చైనా కార్మిక శిబిరంలో పగలు రాళ్ళు కొట్టించి రాత్రి ఈ ఆటలు ఆడించేవారని, కోటా పూర్తికాకపోతే కొట్టేవారని చెప్పాడు. ఆర్థిక సంక్షోభంలో కూలిపోయిన వెనిజులాలో 2017 ప్రాంతంలో ఎందరో రూన్‌స్కేప్‌లో పచ్చ డ్రాగన్లను చంపి బియ్యం కొనుక్కున్నారు. నేను కబుర్లు చెప్పుకుంటూ చెట్లు కొట్టిన ఆటే అది. వాళ్ళని వెతికి చంపడం కొందరు ఆటగాళ్ళకు వినోదమైంది. ఈ శ్రమకు జాతి రంగు పులమడాన్ని లీసా నకమూరా 2009లో విమర్శించింది. చాకిరీ పవిత్రమైతే ఎక్కువ చాకిరీ చేసినవాళ్ళు ఎక్కువ గౌరవం పొందాలి కదా. పొట్టకూటికి చేసినవాళ్ళు మాత్రం 'మోసగాళ్ళు' అయ్యారు.

నాన్‌జింగ్ కథనంలో నన్ను పట్టి ఆపిన విషయం ఒకటుంది. పన్నెండు గంటల పని ముగిశాక ఆ యువకుల్లో కొందరు నెట్ సెంటర్‌కు వెళ్ళి మళ్ళీ అదే ఆట ఆడేవాళ్ళు. అదే లోకం, అవే రాక్షసులు, అవే చేతులు. మొదటిది కూలి, రెండోది ఆట. పని ఎంత విసుగన్నది ఈ తేడా చెప్పలేదు. ఎంత కష్టమన్నదీ చెప్పలేదు. రెండో దాంట్లో ఇవాళ్టికి చాలు అనుకుంటే లేవొచ్చు. ఎక్కడికి వెళ్ళాలో, ఎవరితో మాట్లాడాలో తామే నిర్ణయించుకోవచ్చు. వచ్చింది తమ పేరున ఉంటుంది.

కాబట్టి నా జవాబు ఇది. చాకిరీ ఆ ఆటలను ఆడదగినవిగా చెయ్యదు. చెడగొట్టనూ చెడగొట్టదు. పునరావృతి అనేది ఒక ఖాళీ పాత్ర. జపమాల కూడా పునరావృతే, బీడీల కోటా కూడా పునరావృతే. లేచిపోయే హక్కు, చేసినదానికి లెక్క, పని చుట్టూ అల్లుకునే మాట, ఇవి ఉన్నచోట విసుగు పని కూడా మనిషికి విశ్రాంతి ఇవ్వగలదు. డ్రేనార్ ఒడ్డున నాకిచ్చింది. ఆ కాలం వృథా అని నేను అనను. కానీ కష్టమే విలువకు మూలం అన్న మాటను ఆటలో ఒప్పుకుంటే వంటింట్లోనూ ఒప్పుకోవాల్సి వస్తుంది. ఆడదాని ఓర్పును పొగిడి పొగిడి పీట మీదనుంచి లేవనివ్వని మాట అదే. దాన్ని ఎక్కడ విన్నా, అంగీవస్త్రం కప్పుకుని వచ్చినా, మనం గుర్తుపట్టాలి.

ఇంకో మాట కూడా ఉంది. తమ శ్రమ లెక్కకు రావడం అనే చిన్న సుఖం కోసం లక్షలమంది డబ్బు కట్టి లేని చెట్లు కొడుతున్నారంటే, ఉన్న లోకంలో ఆ సుఖం ఎంత కరువైందో అర్థమవుతుంది. సిల్వియా ఫెడరీచి 1975లో ఇంటిపనికి జీతం అడగడాన్ని సమర్థిస్తూ రాసినప్పుడు, కనబడని పనిని పని అని పిలిస్తేనే దాన్ని కాదనే వీలు కూడా వస్తుందని వాదించింది. లెక్క అక్కడితో ఆగేది కాదు, అక్కడ మొదలయ్యేది. మా అమ్మ అడిగిన లెక్కా న్యాయమైనదే. కానీ ఎవరైనా ఆవిడ దోసెలన్నీ లెక్కపెట్టి 99వ లెవెల్ ఇచ్చినా అడగవలసిన ప్రశ్న మిగిలే ఉంటుంది. ఇవాళ్టికి చాలు అని ఆవిడ పెనం దగ్గరనుంచి లేస్తే, తర్వాతి దోసె ఎవరు వేస్తారు?